సిగరెట్ మానేయడం ఎలా: మందుల షాపులో రోజూ అడిగే ప్రశ్నకు వివరంగా జవాబు

విశాఖపట్నం మద్దిలపాలెంలో మాది మందుల షాపు. రాత్రి షట్టర్ దించే వేళకి ఎవరో ఒకరు వస్తారు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతారు: "సిగరెట్ మానడానికి ఏదో చూయింగ్ గమ్ ఉంటుందట కదండీ, అదివ్వండి." ఇచ్చి పంపడం రెండు నిమిషాల పని. కానీ గమ్ ఒక్కటే నమ్ముకుని వెళ్లినవాళ్లు చాలామంది వారం తిరక్కుండానే మళ్లీ సిగరెట్ పట్టుకుంటున్నారు. కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పలేనివన్నీ అందుకే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఆ గొంతు తగ్గించడం గురించి ఒక మాట. ఒకప్పుడు పెళ్లి విడిదిలో తమలపాకుల పళ్లెంలోనే సిగరెట్ పెట్టెలు కూడా పెట్టేవారు. బస్సులో, సినిమా హాల్లో పక్కవాడి పొగ పీలుస్తూ కూర్చునేవాళ్లం. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న నియమాలు గట్టిగా అమల్లోకి వచ్చాయి, తాగితే 200 రూపాయల దాకా జరిమానా. ఇప్పుడు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే "అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా" అని అడుగుతున్నారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లూ అడుగుతున్నారు. ఇది చాలా మంచి మార్పు. అయితే దీనివల్ల దాక్కుని తాగేవాళ్లు పెరిగారు. దాక్కుని తాగేవాళ్లు మానాలనుకున్నా దాక్కునే ప్రయత్నిస్తారు. ఎవరికీ చెప్పరు, సాయం అడగరు, విఫలమైతే తమలోనే కుమిలిపోతారు. నికోటిన్ మెదడును పట్టేసే పదార్థం. దాన్నుంచి బయటపడటానికి సాయం అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కావలసినవి

- ఒక చిన్న కాగితం, రబ్బరు బ్యాండు, పెన్ను
- రెండు వారాల్లోపు ఒక తేదీ
- ఇంట్లో ఒకరు, పనిచేసే చోట ఒకరు (విషయం తెలిసినవాళ్లు)
- నికోటిన్ గమ్ లేదా పట్టీ (ఒంటికి అంటించుకునే ప్యాచ్), లేదా డాక్టర్ రాసిన మాత్రలు
- నోట్లో వేసుకోవడానికి సోంపు, లవంగాలు, వేయించిన శనగలు
- 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు ఇది. మీ సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగండి.

1. మూడు రోజులు లెక్క రాయండి

ఈ మూడు రోజులూ తగ్గించనక్కర్లేదు. మీ పెట్టెకి కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. సిగరెట్ వెలిగించే ముందు బ్యాండు తీసి టైము, చోటు, పక్కన ఎవరున్నారు, ఎంత గట్టిగా తాగాలనిపించింది అన్నవి రాయండి. గట్టిదనానికి ఒకటి నుంచి మూడు దాకా మార్కులు వేసుకోండి. ఇలా ఉంటుంది:

6:10, బాల్కనీ, కాఫీతో, ఒక్కడినే, 3
9:40, ఆఫీసు కింద టీ బడ్డీ, ముగ్గురం, 1
1:30, భోజనం అయ్యాక, 3
4:15, టీ బడ్డీ, మేనేజర్ అరిచాక, 2

మూడో రోజు రాత్రి కాగితం చూసుకుంటే తెలుస్తుంది: ఒకటి మార్కు పడ్డవి సగం దాకా ఉంటాయి. అవి నికోటిన్ కోసం తాగినవి కావు, పక్కవాడు చెయ్యి చాచాడని తాగినవి. మూడు మార్కులు పడ్డవాటికే మందు అవసరం. ఒకటి మార్కువాటికి చోటు మారిస్తే చాలు.

లూజు సిగరెట్లు కొనేవాళ్లకి పెట్టె ఉండదు కదా. వాళ్లు ఫోన్లో రాసుకోండి.

2. తేదీ పెట్టుకోండి, ముందు రోజు రాత్రి ఇల్లు ఖాళీ చేయండి

దగ్గరివాళ్ల పెళ్లి, సంక్రాంతికి ఊరెళ్లడం, ఆఫీసులో ఆడిట్ లాంటివి ఉన్న వారం వద్దు. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు నైట్ షిఫ్టుల మధ్యలో మొదలుపెట్టకండి. వారాంతపు సెలవు నుంచి మొదలుపెట్టండి, మొదటి రోజైనా నిద్ర చాలినంత ఉంటుంది.

ముందు రోజు రాత్రి పెట్టె, లైటరు, యాష్‌ట్రే అన్నీ పారేయండి. స్కూటర్ డిక్కీ, బ్యాగు పక్క జేబు, కారు డాష్‌బోర్డు వెతకండి. పాన్ షాపులో ఖాతా ఉంటే బాకీ తీర్చేసి, ఇక రాయొద్దని చెప్పండి. "ఎందుకైనా మంచిది, ఒకటి ఉంచుకుందాం" అనిపిస్తుంది. ఉంచుకోకండి. రాత్రి పదకొండింటికి యావ పుట్టినప్పుడు చేతికి అందే ఆ ఒక్క సిగరెట్టే కొంప ముంచుతుంది.

ఒక్కసారిగా మానాలా, కొద్దికొద్దిగానా అని అందరూ అడుగుతారు. ఒక్కసారిగా మానమనే నేను చెబుతాను. తగ్గించుకుంటూ వెళ్లడం కూడా పనిచేస్తుంది కానీ, సున్నాకి వచ్చే తేదీ రాసిపెట్టుకుంటేనే. తేదీ లేకపోతే పది కాస్తా ఐదవుతుంది, ఒక టెన్షన్ రోజున ఐదు మళ్లీ పదవుతుంది.

3. ఇద్దరికి చెప్పండి

ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటారు. ఈ మాటలే చెప్పండి: "శుక్రవారం నుంచి సిగరెట్ మానేస్తున్నాను. నేను అడిగినా ఇవ్వొద్దు. ఓ మూడు వారాలు చిరాగ్గా ఉంటాను, మనసులో పెట్టుకోవద్దు."

ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట. రోజూ చొక్కా వాసన చూడటం, "ఇవాళ తాగావా" అని నిలదీయడం వద్దు. అలా చేస్తే మళ్లీ దాపరికం మొదలవుతుంది. "ఎలా ఉంది, టీ బదులు మజ్జిగ ఇవ్వనా" అని అడగండి, అది పనికొస్తుంది.

4. మందు సరిగ్గా వాడండి

నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తారా? అయితే మీ ఒంటికి నికోటిన్ బాగా అలవాటైంది, 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి. దానికి డాక్టర్ చీటీ ఉండాలి. అరగంట దాటాక వెలిగించేవాళ్లకి 2 మిల్లీగ్రాములు సరిపోతుంది, దీనికి చీటీ అక్కర్లేదు.

గమ్ విషయంలో నేను చూసే తప్పంతా నమలడంలోనే. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తారు. నికోటిన్ అంతా లాలాజలంతో పొట్టలోకి పోయి ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి, తల మాత్రం తేలిక పడదు. "ఈ గమ్ నాకు పడలేదండీ" అని వెనక్కి తెస్తారు. నికోటిన్ ఒంట్లోకి చేరాల్సింది బుగ్గ లోపలి పొరలోంచి. నమిలే పద్ధతి ఇది:

మెల్లగా ఓ పదిహేను సార్లు నమలండి. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంటుంది. అక్కడితో ఆపి, గమ్‌ను బుగ్గకీ చిగుళ్లకీ మధ్య ఉంచండి. ఓ నిమిషానికి ఆ చురుకు తగ్గుతుంది. మళ్లీ నాలుగైదు సార్లు నమిలి, ఈసారి రెండో వైపు ఉంచండి. అరగంట ఇలా చేసి ఉమ్మేయండి. గమ్ వేసుకునే ముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకు, పళ్లరసం తాగొద్దు. ఇవి నోట్లో పులుపు పెంచి నికోటిన్‌ను లోపలికి చేరనివ్వవు. టీ తాగుతూ గమ్ నమిలేవాళ్ల డబ్బు వృథా పోతోంది.

మొదటి ఆరు వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి వాడండి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి చొప్పున తగ్గించండి. రోజుకి 24 దాటకూడదు. కానీ నేను చూసినంతలో ఎక్కువ వాడేవాళ్లు అరుదు. రోజుకి రెండు వాడి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

కట్టుడు పళ్లున్నవాళ్లకి గమ్ అంటుకుపోతుంది, వాళ్లకి పట్టీ మేలు. పొద్దున్నే ఒంటి మీద వెంట్రుకలు లేని చోట అంటించుకోవాలి, రోజూ చోటు మార్చాలి. బాగా తాగేవాళ్లకి పట్టీ, దానికి తోడు యావ పుట్టినప్పుడు గమ్, రెండూ కలిపితే ఒక్కదానికన్నా బాగా పనిచేస్తాయి. వారెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టర్ రాస్తేనే వాడాలి. వాటిని మానే తేదీకి వారం ముందు నుంచే మొదలుపెడతారు. మూర్ఛ ఉన్నవాళ్లకి బుప్రోపియాన్ పనికిరాదు.

జాగ్రత్త: గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా నికోటిన్ వాడొద్దు. ఆయాసానికి థియోఫిలిన్, మానసిక సమస్యలకి క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లు, షుగర్‌కి మందులు వాడేవాళ్లు తేదీ పెట్టుకోగానే మీ డాక్టర్‌కు చెప్పండి. పొగ ఆగాక కొన్ని మందుల మోతాదు మార్చాల్సి వస్తుంది. ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ, అందుకే నొక్కి చెబుతున్నాను.

5. మొదటి మూడు రోజులు

కష్టం ఎక్కువగా ఉండేది రెండో రోజు, మూడో రోజు. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఉంటాయి. మలబద్ధకం కూడా రావచ్చు, నీళ్లు ఎక్కువ తాగండి, అరటిపండు తినండి. ఇవన్నీ తగ్గుతాయి, చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో పోతాయి.

యావ వచ్చిందంటే గంటలకొద్దీ ఉండదు, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ పది నిమిషాలకి ఒక పని ముందే అనుకోండి: చల్లటి నీళ్లతో మొహం కడుక్కోవడం, మెట్లెక్కి దిగడం, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయడం, నోట్లో లవంగం వేసుకోవడం. గడియారం చూసుకోండి.

కాఫీ, టీ సగానికి తగ్గించండి. పొగ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చయిపోతుంది. పొగ ఆపగానే అదే రెండు కప్పులు ఒంటికి ఎక్కువైపోతాయి. గుండె దడ, నిద్ర లేకపోవడం అన్నీ సిగరెట్ మానడం వల్లే అనుకుని చాలామంది భయపడతారు. అందులో కొంత కాఫీ వల్ల వచ్చేదే.

6. మూడు వారాలు చోట్లు మార్చండి

మీ కాగితం తీయండి. ఒక్కో చోటుకీ ఒక మార్పు రాయండి. టీ బడ్డీ బదులు పైనే క్యాంటీన్లో మజ్జిగ. భోజనం కాగానే పళ్లు తోముకోవడం, ఇది మొహమాటం లేని చక్కటి ఉపాయం. బాల్కనీలో కాఫీ బదులు పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడక. కాళీమాత గుడి నుంచి పార్క్ హోటల్ వైపు నడిచేవాళ్లని చూడండి, అక్కడ సిగరెట్ వెలిగించాలంటేనే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుంది. ఊరి వైఖరిలో వచ్చిన మార్పును ఇలా వాడుకోండి: పొగ తాగనివ్వని చోట్లలో ఎక్కువసేపు ఉండండి. రిఫైనరీలో పనిచేసేవాళ్లని అడగండి, లోపలికి అగ్గిపెట్టె కూడా తీసుకెళ్లనివ్వరు. గేటు దాటాక షిఫ్టంతా సిగరెట్ లేకుండానే గడుస్తుంది, గేటు బయటికి రాగానే చెయ్యి జేబులోకి పోతుంది.

సాయంత్రం నోరు ఊరుకోదు. మురీ మిక్చర్, బజ్జీల మీద పడితే బరువు పెరుగుతారు. మానిన మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. జామకాయ, కీరా, శనగలు దగ్గర పెట్టుకోండి. నాలుగు కిలోలు పెరిగారని మళ్లీ సిగరెట్‌కి మాత్రం వెళ్లకండి, బరువును తర్వాత చూసుకోవచ్చు.

మొదటి నెల మద్యం పార్టీలకు వెళ్లకండి. నెలల తరబడి నిలబెట్టుకున్నవాళ్లు కూడా రెండో గ్లాసు దగ్గర జారిపోతారు. తప్పించుకోలేని పార్టీ అయితే తాగనివాళ్ల పక్కన కూర్చుని త్వరగా వచ్చేయండి.

7. మాల వేసుకునేవాళ్లకి ప్రత్యేకంగా

"అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు 41 రోజులూ ముట్టనండీ, మాల తీసిన రోజే మళ్లీ మొదలు" అని ఎంతమంది చెప్పారో. ఇందులో ఉన్న బలాన్ని వాళ్లు గుర్తించడం లేదు. 41 రోజులకి నికోటిన్ లేని బాధ ఒంట్లోంచి ఎప్పుడో పోయి ఉంటుంది. అసలు కష్టం మీరు దాటేశారు. దీక్షలో ఇది ఎలా సాధ్యమైంది? తేదీ ముందే తెలుసు. అందరికీ తెలుసు. స్నేహితులు "స్వామీ" అని పిలుస్తూ వాళ్ల సిగరెట్ చాటుగా పెట్టుకున్నారు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, కాబట్టి కాఫీ, సిగరెట్ వేళే లేదు. మళ్లీ ఎందుకు మొదలైంది? అయిపోయే తేదీ కూడా మనసులో ముందే ఉంది కాబట్టి.

అందుకని ఈసారి మాల వేసుకున్న రోజే 42వ రోజు గురించి రాసుకోండి. కొండ నుంచి తిరిగొచ్చాక మొదటి వారం టీ బడ్డీ వద్దు. తెల్లవారుజాము స్నానం అలాగే కొనసాగించండి. స్నేహితులకి "మాల తీశాను గానీ సిగరెట్ విషయంలో దీక్షలోనే ఉన్నాను" అని చెప్పండి. భవానీ దీక్ష తీసుకునేవాళ్లకీ ఇదే. రంజాన్ నెలలో పగలంతా ముట్టనివాళ్లు ఇఫ్తార్ తర్వాతి మొదటి సిగరెట్ దగ్గర గమ్ వాడి చూడండి.

8. జారిపోతే

ఒక సిగరెట్ తాగేశారు. అయితే మిగతా పెట్టె పారేసి, ఆ రోజే మళ్లీ మొదలుపెట్టండి. "ఎలాగూ పోయింది, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చూద్దాం" అనుకోవడమే నిజమైన నష్టం. ఎక్కడ, ఎవరితో, ఏ టైములో జారిందో కాగితం మీద రాసి, ఆ ఒక్క చోటుకి మార్పు ఆలోచించండి. గమ్, పట్టీ ఆపకండి. చాలామంది ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాకే పూర్తిగా మానగలుగుతారు.

ఈ తప్పులు చేయకండి

సిగరెట్ మానడానికి ఖైనీ, జర్దా మొదలుపెట్టడం. నోటి క్యాన్సర్‌కి అది దగ్గరి దారి.

ఈ-సిగరెట్. 2019 నుంచి మన దేశంలో అమ్మడం, దిగుమతి చేయడం నేరం. చాటుగా దొరికేదాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు.

"లైట్" రకానికి మారడం. తెలియకుండానే లోతుగా, ఎక్కువసార్లు లాగుతారు.

మొదటి వారాల్లో దగ్గు పెరిగిందని భయపడి మళ్లీ తాగడం. ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకుంటున్నప్పుడు కొందరికి దగ్గు, కఫం కొన్నాళ్లు ఎక్కువవుతాయి.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది

రెండు రోజులకి రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఊదితే దీన్ని కొలిచే చిన్న మిషను కొన్ని ఛాతీ క్లినిక్కుల్లో ఉంటుంది, అడిగి చూడండి. ఇంట్లో అయితే మానే ముందు రోజు మీ అపార్ట్‌మెంటు మెట్లు మూడంతస్తులు ఎక్కి, ఆయాసం తగ్గడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నెల తర్వాత అవే మెట్లు, అదే వేగంతో ఎక్కి చూడండి. సింహాచలం మెట్ల దారిలో వెళ్లే అలవాటున్నవాళ్లకి వేరే పరీక్షే అక్కర్లేదు. కొద్దిరోజుల్లో పులుసు వాసన, మల్లెపూల వాసన తేడాగా తెలుస్తాయి. ఏడాది నిండేసరికి గుండెజబ్బు ముప్పులో పొగవల్ల పెరిగిన భాగం దాదాపు సగానికి తగ్గుతుంది. సిగరెట్ డబ్బు ఏరోజుకారోజు ఒక డబ్బాలో వేయండి, నెలాఖరుకి ఇంట్లోవాళ్ల ముందు లెక్కపెట్టండి.

చుట్ట, అడ్డపొగ

మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లు, ముఖ్యంగా మత్స్యకార కుటుంబాల్లో, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. అదే అడ్డపొగ. దీనివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తోందని ఇక్కడి వైద్యులు 1950ల్లోనే రాశారు. మీ నాయనమ్మకో అమ్మమ్మకో ఈ అలవాటుంటే "ఈ వయసులో ఏం మానుతుందిలే" అని వదిలేయకండి. నెలకోసారి వెలుతురులో నోరు తెరిపించి, టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లటి మచ్చలు, ఎర్రటి మచ్చలు, రెండు వారాలకీ మానని పుండు కనబడితే వెంటనే చూపించాలి. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తీసుకెళ్లండి. గాజువాక వైపువాళ్లకి అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర. మానిపించడానికి పైన చెప్పిన పద్ధతులే, గమ్ బదులు పట్టీ. కసరకండి. ఆవిడ తాగడం మొదలుపెట్టిన రోజుల్లో ఇది తప్పని ఎవరూ చెప్పలేదు.

డాక్టర్ దగ్గరికి ఆగకుండా వెళ్లాల్సినవి

కఫంలో రక్తం, మూడు వారాలు దాటినా తగ్గని గొంతు బొంగురు, నడిస్తే ఛాతీలో నొప్పి. ఆయాసం, దగ్గు వదలకపోతే ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో చూపించుకోండి. మానాక దిగులు బాగా ఎక్కువై బతకాలనిపించకపోతే ఏ వేళైనా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ (మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ) వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

గమ్ కొనడానికి వచ్చేటప్పుడు మూడు రోజుల కాగితం కూడా ఏ మందుల షాపుకైనా పట్టుకెళ్లండి. మొదటి సిగరెట్ టైము చూస్తే ఎన్ని మిల్లీగ్రాములు కావాలో అక్కడే తేలిపోతుంది.